పాయింటు ఎక్కడ పెట్టాలి

గుడుపల్లె చుట్టుపక్కల నేలలోంచి మనుషులు రెండు సరుకులు తీశారు. ఒకటి బంగారం, రెండోది రాయి. చిగురుగుంట, బిసానత్తం గనుల్లో బంగారం తవ్వారు. కుప్పం ప్రాంతపు క్వారీల్లో గ్రానైటు కోశారు, ఇప్పటికీ కోస్తున్నారు. బంగారం లెక్క తులాల్లో, రాతి లెక్క టన్నుల్లో. తులమంటే 11.66 గ్రాములు. ఫలానా వాళ్ల పిల్లకు ఎన్ని తులాలు పెట్టారని ఊరంతా చెప్పుకునేది ఆ బరువు గురించే. ఇక రాయి సంగతి. 2.4 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తు ఉన్న దిమ్మె ఘనపరిమాణం 4.32 ఘనపు మీటర్లు. గ్రానైటు ఘనపు మీటరుకు సుమారు 2.7 టన్నులు తూగుతుంది కాబట్టి దాని బరువు 11.66 టన్నులు.

స్లైడ్ రూలు మీద ఈ రెండు బరువులూ ఒకే చోట ఉంటాయి. ఎడమ కొసన ఉన్న 1 దాటి కాస్త అవతల, 1.166 అనుకోదగిన చోట, అద్దం మీది సన్నగీటు నిలబడుతుంది. ఆ గీటు కింద ఉన్నది మెడలో వేసుకునే తులమా, క్రేను లేపాల్సిన దిమ్మా అన్నది ఆ పరికరానికి తెలియదు. దాని మీద సున్నాలు లేవు, పాయింటు లేదు. 1.166 అయినా, 11.66 అయినా, 1,166 అయినా దానికి ఒకటే. పాయింటు ఎక్కడ పెట్టాలో పట్టుకున్న మనిషి చెప్పుకోవాలి. నాకు స్లైడ్ రూలు మీద ఇంత ఇష్టం ఎందుకని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఈ ఒక్క సంగతే.

చూడనివాళ్ల కోసం నాలుగు మాటలు. చూడటానికి అది బడిపిల్లల స్కేలు లాంటిదే. పైనా కిందా కదలని రెండు పట్టీలు, వాటి మధ్య అటూ ఇటూ జరిగే ఒక పట్టీ, అన్నిటి మీదుగా నడిచే చిన్న అద్దం. ఆ అద్దాన్ని కర్సర్ అనేవాళ్లం. దాని మీద నిలువుగా ఒక సన్నగీటు. జపాన్ వాళ్ల హెమ్మి రూళ్లు వెదురుతో చేసి, పైన తెల్లటి సెల్యులాయిడ్ అతికించినవి. జర్మనీనుంచి ఫేబర్ కాసెల్, అరిస్టో వచ్చేవి. అమెరికాలో పికెట్ కంపెనీ అల్యూమినియంతో చేసేది. చెక్క రూలు వానాకాలంలో బిగుసుకుపోతే నడిమి పట్టీకి కొంచెం ముఖానికి రాసుకునే పౌడరు రాసేవాళ్లు.

అంకెలు సమాన దూరంలో ఉండకపోవడమే అందులోని కిటుకు. 25 సెంటీమీటర్ల రూలులో 1 నుంచి 2 దాకానే ఏడున్నర సెంటీమీటర్లు పోతుంది. 9 నుంచి 10కి ఒక సెంటీమీటరు చిల్లర మాత్రమే. ఎడమవైపు విశాలంగా, కుడివైపు ఇరుగ్గా ఉంటుంది. 1614లో స్కాట్లండ్‌లో జాన్ నేపియర్ లాగరిథంలు ప్రకటించాడు. గుణకారాన్ని కూడికగా మార్చేశాడు. కొద్ది ఏళ్లకే ఎడ్మండ్ గుంటర్ ఆ లాగరిథంలను కొయ్య మీద గీతలుగా గీశాడు. విలియం ఆట్రెడ్ అలాంటి రెండింటిని పక్కపక్కన పెట్టి జరిపాడు. అంతే, రెండు పొడవులు కలిపితే గుణకారం అయిపోయింది. 2.4ను 3.5తో హెచ్చవేయాలంటే, నడిమి పట్టీ మీది 1ని కింది పట్టీ మీది 2.4 ఎదురుగా నిలపాలి. కర్సర్‌ను నడిమి పట్టీ మీది 3.5 దగ్గరికి తేవాలి. గీటు కింద 8.4 ఉంటుంది. మీరు హెచ్చవేసింది 24ను 350తో అయితే అదే 8.4ను 8,400 అని చదువుకోవాలి. ఆ సంగతి రూలు చెప్పదు.

నాకది మా మేనమామ చేతిలో పరిచయం. ఆయన కోలారు బంగారు గనుల్లో సర్వే పని చేసేవాడు. గుడుపల్లెలో రైలెక్కితే బిసానత్తం, కామసముద్రం దాటి బంగారుపేట. అక్కడ బండి మారితే మారికుప్పం దాకా గనుల లైను. మా వైపు ఊళ్లనుంచి ఎందరో ఆ దారినే పోయి బతికారు. అక్కడ తెలుగు, తమిళం, కన్నడం ఒకే క్యూలో నిలబడి మాట్లాడుకునేవి. మామ ఊరికి వచ్చినప్పుడు పెట్టెలో బట్టల మీద తోలు ఒర ఒకటి ఉండేది, అందులో స్లైడ్ రూలు. మేం పిల్లలం ముట్టుకుంటే ఏమీ అనేవాడు కాదు గానీ ఒక షరతు పెట్టేవాడు.

“ముందు ఎంతొస్తాదో నోటితో చెప్పురా అబ్బోడా, ఆపైన గీటు జరుపుదువు గానీ.”

నోటితో చెప్పలేకపోతే రూలు ఇచ్చేవాడు కాదు. 38ని 52తో హెచ్చవేయమంటే, నలభై యాభైలు రెండు వేలు అనాలి. ఆ తర్వాత గీటు 1.976 దగ్గర నిలిస్తే, అది 197 కాదు, 19,760 కాదు, 1,976 అని తెలుస్తుంది. నోటితో అన్న రెండు వేలే పాయింటు పెట్టేది. రూలు చేసేది ఆ రెండు వేలను చెక్కి సరిచేయడం మాత్రమే. లెక్కలో బరువైన సగం మనిషి మీద, సన్నపు సగం పరికరం మీద. పనిని అలా పంచుకున్న పరికరాన్ని నేను తర్వాత మళ్లీ చూడలేదు.

ఆయన పనిలో రూలుకు ఉన్న అసలు సుఖం ఇంకొకటి. కోలారు గనులను 1880నుంచి లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ నడిపింది. 1956లో ప్రభుత్వం తీసుకుంది. తెల్లవాళ్లు వెళ్లినా వాళ్ల కొలతలు చాలాకాలం వెళ్లలేదు. టన్ను ఖనిజంలో బంగారం ఎంతుందో పెన్నీవెయిట్లలో రాసేవారు. మనదేశం మెట్రిక్‌కు మారాక పాత పుస్తకాల్లోని పెన్నీవెయిట్లన్నీ గ్రాములు కావలసి వచ్చింది. ఒక పెన్నీవెయిట్ 1.555 గ్రాములు. మామ నడిమి పట్టీ మీది 1ని 1.555 ఎదురుగా నిలిపేవాడు. ఇక పట్టీని కదపడు. కర్సర్ ఒక్కటే నడిపేవాడు. 4 దగ్గర నిలిపితే కింద 6.22. 6 దగ్గర నిలిపితే 9.33. ఒక్కసారి అమర్చి పెడితే పెన్నీవెయిట్లూ గ్రాములూ ఎదురెదురుగా బారులు తీరి ఉంటాయి, పేజీ అంతా కళ్లతో చదువుకుంటూ రాసుకుపోవడమే. క్యాలిక్యులేటర్‌లో అయితే ప్రతిసారీ నొక్కాలి, ఒక్క జవాబే కనిపిస్తుంది. రూలులో ఒక సంబంధం మొత్తం ఒకేసారి కనిపిస్తుంది. రేటు పెరిగితే మొత్తం ఎట్లా పెరుగుతుందో కంటికి ఆనుతుంది. ఇది నాకు చిన్న తేడాగా ఎప్పుడూ అనిపించలేదు.

అయితే రూలు చేతకాని చోటు కూడా మామకు బాగా తెలుసు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటి పోయింది. ఆ చీకట్లో రెండు వైపులనుంచి తవ్వుకొచ్చే సొరంగాలు ఒకదానికొకటి ఎదురుపడాలి. స్లైడ్ రూలు మూడు అంకెల వరకే నమ్మదగింది. అంటే కిలోమీటరు దూరంలో మీటరు అటూ ఇటూ. సొరంగం అంత తప్పిపోతే ఎంత రాయి వృథాగా కొట్టాలో, ఎంతమంది శ్రమ పోతుందో ఊహించుకోవచ్చు. అందుకే అలాంటి లెక్కలు ఏడంకెల లాగ్ పుస్తకంతోనో, పిడి తిప్పే ఫాసిట్ మిషనుతోనో చేసేవారు. మరి అక్కడ రూలు ఎందుకు? పుస్తకంలోంచి తెచ్చిన జవాబును చివర్లో ఒకసారి రూలు మీద చూసుకునేవాడు. ఏడంకెలు జాగ్రత్తగా కూడి, మొదటి అంకెలోనే తప్పు చేసే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. వెయ్యో వంతును లాగ్ పుస్తకం కాపాడేది, వెయ్యిని రూలు కాపాడేది.

మామ మాటలు నాకు అంత సులువుగా ఒంటబట్టడానికి మా ఊరే కారణమనుకుంటాను. మా వైపు అందాజు అనేది ఒక విద్య. చింతకాయ పండే కాలానికి వ్యాపారి వచ్చి చెట్టు కింద నిలబడేవాడు. ఒకసారి చుట్టూ తిరిగి, కొమ్మల్లోకి చూసి, ఇన్ని మణుగులు దిగుతుందని అనేవాడు. ఆ మాట మీదే చెట్టు బేరం. కాయ రాల్చి, కొట్టి, పిక్క తీసి పుంగనూరు మండీకి చేరేసరికి అసలు తూకం తేలేది. ఆ మొదటి మాట ఎంత దగ్గరగా ఉంటే ఆయన అంత పెద్ద వ్యాపారి. చెరువు కట్ట ఎక్కి నీళ్లు చూసి ఎన్ని ఎకరాలకు తడి పారుతుందో చెప్పేవాళ్లుండేవారు. వీధిబడి చదువులో వీసం, కాని దాకా ఎక్కాలు అప్పజెప్పించుకున్న తరం అది. వీసం పదహారో వంతు, కాని అరవై నాలుగో వంతు. అంత సన్నపు లెక్క నోటికి వచ్చినవాళ్లు కూడా ముందు మోటుగా ఒక మాట అనుకుని, తర్వాతే సన్నానికి దిగేవారు. స్లైడ్ రూలు ఐరోపాలో పుట్టినా, ఆ మనుషుల చేతికిస్తే గంటలో నేర్చుకునేవారని నా నమ్మకం.

1973లో నేను తిరుపతిలో ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు మామ ఆ రూలు నాకిచ్చాడు. మా బ్యాచ్‌లో చాలామంది చేతుల్లో ఏదో ఒక రూలు ఉండేది. కొత్తది కొనుక్కున్నవాళ్లు కొందరు, అన్నల దగ్గర తీసుకున్నవాళ్లు కొందరు. హాస్టల్లో రాత్రిపూట పట్టీలు జరిగే చప్పుడు గదిగదినా వినిపించేది. క్యాలిక్యులేటర్ అనేది మాకు అప్పటికి పత్రికల్లో చదివిన వస్తువు. 1972లో అమెరికాలో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ హెచ్‌పీ-35 తెచ్చింది. చొక్కా జేబులో పట్టే పెట్టెలో సైన్, కాస్, లాగరిథం అన్నీ ఉన్నాయి. మీటలు 35 కాబట్టి ఆ పేరు. ధర 395 డాలర్లు, అప్పటి మారకంలో సుమారు 3,000 రూపాయలు. మా ఊళ్లో ఆ డబ్బుకు ఎద్దుల జత కొని, బండి కూడా కట్టించుకోవచ్చు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లు తమ తొలినాళ్ల క్యాలిక్యులేటర్లలో కొన్నిటికి ఎస్‌ఆర్-10, ఎస్‌ఆర్-50 అని పేర్లు పెట్టారు. ఎస్‌ఆర్ అంటే స్లైడ్ రూలే. దేన్ని పక్కకు నెట్టబోతున్నారో దాని పేరే పెట్టుకున్నారు. ఫేబర్ కాసెల్ అయితే రెంటినీ వదులుకోలేక ఒకవైపు క్యాలిక్యులేటర్, వెనకవైపు స్లైడ్ రూలు ఉన్న పరికరం కూడా చేసింది. దాన్ని నేను బొమ్మలోనే చూశాను. చూసిన ప్రతిసారీ ఆ తయారు చేసినవాళ్ల మనసు అర్థమవుతుంది.

చదువు ముగిసేసరికి కథ మారిపోయింది. ధరలు ఏటేటా పడిపోయాయి. గల్ఫ్‌నుంచి వచ్చినవాళ్ల సూట్‌కేసుల్లో, మద్రాసు బర్మా బజార్ కొట్లలో క్యాలిక్యులేటర్లు కనిపించసాగాయి. మొదట వచ్చినవాటిలో అంకెలు ఎర్రగా వెలిగేవి. ఎండలో కనిపించవు, చేయి అడ్డం పెట్టుకుని చూడాలి. బ్యాటరీలను మింగేసేవి. అయినా చీకట్లో ఆ ఎర్రటి అంకెలు వెలుగుతుంటే చుట్టూ నలుగురు మూగి చూసేవాళ్లం. తర్వాత బూడిదరంగు తెర మీద నల్లటి అంకెలవి వచ్చాయి, బ్యాటరీ నెలల తరబడి ఆగేది. ఆ తర్వాత వెలుతురుతోనే నడిచేవి. 1970ల మధ్యకల్లా పెద్ద పెద్ద కంపెనీలు స్లైడ్ రూళ్ల తయారీ ఆపేశాయి. మూడున్నర శతాబ్దాలు నిలిచిన పరికరం నాలుగైదేళ్లలో వెళ్లిపోయింది.

క్యాలిక్యులేటర్‌ను నేను తక్కువ చేయను. లాగ్ పుస్తకంలో వేలు పెట్టి అడ్డంగా, నిలువుగా వెతికి, సగటు తేడా కలిపి కళ్లు కాయలు కాచినవాళ్లకు అది చేసిన మేలు మరువలేనిది. మదనపల్లె టమాటా మార్కెట్‌కు సరుకు తెచ్చిన రైతు చీటీలో కమీషన్, కూలి, కిరాయి పోను మిగిలింది ఎంతో అక్కడికక్కడ నొక్కి చూసుకోగలిగాడంటే అది చిన్న విషయం కాదు. లెక్క రానివాడని ఎవరూ ఎవరినీ దబాయించలేని రోజు వచ్చింది. మామ కూడా క్యాలిక్యులేటర్‌ను సంతోషంగానే అందుకున్నాడు. కానీ తెర మీద ఎనిమిది అంకెలు కనిపించినా పుస్తకంలో మూడే రాసేవాడు.

అదెందుకో మొదట్లో చెప్పిన దిమ్మెతోనే చెప్పవచ్చు. క్యాలిక్యులేటర్ దాని బరువు 11.664 టన్నులంటుంది. ఆ చివరి 4 ఎక్కడినుంచి వచ్చింది? టేపు పట్టినవాడు దిమ్మె అంచున గరుకు చూసి 2.4 అన్నాడు. వాడి చేయి ఒక్క సెంటీమీటరు అటు జరిగి 2.41 అని ఉంటే బరువు 11.71 అయ్యేది. అంటే రెండో దశాంశం దగ్గరే రాయి మన చేతిలోంచి జారిపోయింది, ఇక మూడో దశాంశం మాటెందుకు? ఆ 4 రాతిది కాదు, గుణకారానిది. స్లైడ్ రూలు ఆ అంకెను చూపించలేదు, అందుకే చూపించదు. కొలిచినవాడి చేతికి ఎంత నిఖార్సు ఉందో దాదాపు అంతే దానికీ ఉంది. క్యాలిక్యులేటర్ వచ్చాక కొలత మోటుగానే ఉండిపోయింది, జవాబు మాత్రం నిగనిగలాడడం మొదలైంది. ఎస్టిమేట్లలో రూపాయిల తర్వాత పైసలు కూడా కనిపించసాగాయి, తవ్వబోయే మట్టి ఎంతో ఎవరికీ సరిగా తెలియకపోయినా.

అన్నట్టు, హెచ్‌పీ-35లోనే ఒక లోపం ఉండేది. 2.02కు సహజ లాగరిథం తీసి, దాన్నుంచి మళ్లీ వెనక్కి వస్తే 2.02 రావాలి కదా, మొదట అమ్మినవాటిలో 2 వచ్చేది. కంపెనీ వాటిని మార్చి ఇస్తామని కొన్నవాళ్లకు కబురు పెట్టింది. నూటికొక వంతు తేడా అది, స్లైడ్ రూలు మీద కంటికి స్పష్టంగా కనిపించేంత తేడా. వెలిగే అంకెను కూడా ఒకసారి ప్రశ్నించాలని అప్పటి ఇంజనీర్లకు తెలియడానికి వాళ్ల చేతుల్లో ఇంకా రూళ్లు ఉండడమే కారణమని నేననుకుంటాను.

మామ రిటైరై గుడుపల్లె దగ్గరే ఉండిపోయాడు. 2001లో కోలారు గనులు నడిపే భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది, చిగురుగుంట పని కూడా ఆగింది. ఆ వార్త వచ్చిన రోజుల్లో ఆయన పెన్నీవెయిట్ల గురించే మాట్లాడాడు, ఏ లెవెల్‌లో ఎంత పడిందీ గుర్తు చేసుకుంటూ. ఒక్క అంకె కూడా చూసి చెప్పలేదు. బంగారం ధర అంతకంతకూ పెరుగుతున్న ఈ రోజుల్లో ఆ కొండల కింద ఇంకా ఎంత ఉందో లెక్కలు వేస్తున్నవాళ్లున్నారు. వాళ్ల దగ్గర కంప్యూటర్లున్నాయి. వాళ్లలో ఎవరైనా ముందు నోటితో ఒక మాట అనుకుని ఆపైన మీట నొక్కుతారా అని నాకు తెలుసుకోవాలని ఉంటుంది.

ఆ రూలును ఈమధ్య మా పక్కింటి అమ్మాయికి ఇచ్చాను. పాలిటెక్నిక్ చదువుతోంది. కర్సర్ అద్దం పసుపు పచ్చబారింది, అంకెలు ఇంకా చక్కగానే ఉన్నాయి. గుణకారం, భాగహారం ఒక్క సాయంత్రంలో పట్టేసింది. పాయింటు దగ్గరే తడబడింది. “చుక్క యాడ పెట్టాల తాతా?” అని అడిగింది. నువ్వు తూచేది ఏమిటో నువ్వే చెప్పాలమ్మా అన్నాను. అప్పుడే వాళ్ల నాన్న పట్టుగూళ్ల మార్కెట్‌నుంచి చీటీ తెచ్చుకున్నాడు. 72 కిలోలు, కిలో 485 రూపాయలు. ఆ అమ్మాయి నడిమి పట్టీ కుడి కొసను 7.2 ఎదురుగా నిలిపి, కర్సర్‌ను 4.85 మీదికి తెచ్చి, గీటు కింద 3.49 అని చదివింది. కాసేపు పెదాలు కదిపింది. “ముప్ఫై నాలుగు వేల తొమ్మిదొందలు” అంది.

వాళ్ల నాన్న చీటీ చూడకుండానే, “ముప్ఫై అయిదుకు రవ్వంత తక్కువ, మార్కెట్‌లోనే అనుకుంటిని” అన్నాడు.

“నువ్వెట్లా చెప్పినావు నాయనా?”

“గూళ్లు రెండు కేజీలు తగ్గించినాను, రేటు పదైదు రూపాయలు పెంచినాను. డెబ్బై అయిదొందలు ముప్ఫై అయిదు వేలు. అంతేగదా.”